గృహస్థులకు కంప్యూటరు జ్ఞానము

(సంఘ వార్షిక మహాసభయందు చదువబడిన యుపన్యాసము)



కార్యదర్శిగారు నన్నీ మహాసభయందు ప్రసంగింపుమని కోరినప్పుడు, చిరకాలము పాఠశాలలో సంస్కృతాంధ్రములు బోధించినవాడ నగుటచే, నేను కావ్యములను గూర్చియో నీతులను గూర్చియో మాటలాడుదునని వారు తలంచియుందురు. నేనెన్నుకొన్న విషయము వేఱు. ప్రతిగృహమునందును, దాదాపు ప్రతివారి చేతియందును నేడు నెలకొనియున్న యంత్రమును గూర్చి, దానిని భయపడకయు మోసపోకయు వాడుకొను విధమును గూర్చి కొన్నిమాటలు విన్నవింప దలంచితిని. కంప్యూటరనియు సెల్‌ఫోననియు దానికి రెండు పేరులు పెట్టితిమి గాని వస్తు వొక్కటియే. సెల్‌ఫోను జేబులో పట్టునట్టి కంప్యూటరు.

వ్యాకరణము చదివినవానికి కంప్యూటరుతో నేమి పనియని మీలో గొందఱికి సందేహము కలుగవచ్చును. ఈ యంత్రమును నడుపు నియమములలో కొన్ని మన ఛందోవ్యాకరణములలోని నియమములకు మిక్కిలి చేరువగా నున్నవి. ఇట్లనుటచే మన పూర్వులే కంప్యూటరును కనిపెట్టిరని నేను చెప్పుచున్నట్లు తలంపవలదు. అట్టి గొప్పలవలన మనకు మేలు లేదు. తెలిసినదానితో పోల్చి చూపినచో తెలియనిది సులభముగా బోధపడునని మాత్రమే నా యభిప్రాయము. పాఠశాలలో నలువది యేండ్లు నే నవలంబించిన మార్గమును నిదియే.

ఈ విషయ మింత యావశ్యక మగుటకు కారణము చెప్పెదను. పూర్వము గృహస్థుని ధనము పెట్టెలో నుండెడిది. తాళపుచెవి యిల్లాలి కొంగున నుండెడిది. నేడు పింఛనును, కౌలును, కూతురు పెండ్లికై దాచుకొన్న సొమ్మును ఈ యంత్రము మూలముననే కదలుచున్నవి. 2016వ సంవత్సరమున యూపీఐ పద్ధతి యారంభమైనది మొదలు కూరగాయల బండివాడు సైతము చిత్రపటమును చూపి పైకము పుచ్చుకొనుచున్నాడు. ఇది గొప్ప సౌకర్యమే. కాని మన యిండ్లలో పిల్లలు హైదరాబాదునందో బెంగుళూరునందో అమెరికాయందో యున్నారు. ఇంట వృద్ధదంపతులు మాత్రమే మిగిలియున్నారు. ఫోను మ్రోగినప్పుడు ప్రక్కన నిలిచి యిది నిజము, ఇది యబద్ధమని చెప్పువారు లేరు. ఎవరినైన అడుగుదమన్న, ఈపాటి తెలియదా యందురేమో యను సిగ్గు అడ్డము వచ్చుచున్నది. ఆ సిగ్గే దొంగలకు ముఖ్యసహాయము. నే డాసిగ్గును విడుచుటకై మన మందఱము కలిసి మొదటిపాఠము చదువుకొందము.

ముందుగా యంత్రతత్త్వము. పద్యపాదమున నెన్ని యక్షరము లున్నను అవి గురువులో లఘువులో యగును గాని మూడవది లేదుగదా. కంప్యూటరునకును తెలిసినవి రెండే గుర్తులు: ఒకటి, సున్న. ఒక్క స్థానమున గురులఘువులు రెండు విధములుగా నుండును. రెండు స్థానములలో నాలుగు విధములు. మూడు స్థానములలో ఎనిమిది విధములు. అవియే మ, య, ర, స, త, జ, భ, న గణములు. స్థాన మొకటి పెరిగినకొలది విధముల సంఖ్య రెట్టింపగును. దీనినే పింగళుని ఛందశ్శాస్త్రమున ప్రస్తార మనిరి. ఇట్లు ఎనిమిది స్థానములైనచో 256 విధములు కలుగును. ఎనిమిది స్థానముల ఆ గుంపునకే కంప్యూటరువారు బైటని పేరు పెట్టినారు. మీ ఫోనులోని శుభలేఖయు, మనుమరాలి పాటయు, బ్యాంకు లెక్కయు లోపల నీ రెండు గుర్తుల ప్రస్తారమే. యంత్రమునకు జాలి లేదు, ద్వేషము లేదు, మనుష్యుని ముఖము చూచి మంచిచెడ్డలు గ్రహించు శక్తి లేదు. చెప్పిన గుర్తు సరిపోయినచో తలుపు తీయును. కావున గుర్తును కాపాడుకొను భారము మనదే.

ఈ ప్రస్తారసూత్రమే రహస్యసంఖ్యకును, పాస్‌వర్డునకును వర్తించును. నాలుగంకెల రహస్యసంఖ్యకు 10,000 విధములు మాత్రమే గలవు. ఆరంకెలైన 10,00,000 విధములు. రెండంకెలు చేర్చుటచేత తాళము నూఱురెట్లు గట్టిపడినది. అయినను దొంగ వాని నన్నిటిని వరుసగా పరీక్షింపడు. కొన్ని తప్పులు జరుగగనే యంత్రము తలుపు మూయును. వాడు ముందుగా 1234 అనియు, మీరు పుట్టిన సంవత్సరమనియు, పెండ్లియైన సంవత్సరమనియు, మనుమని పుట్టినదినమనియు ప్రయత్నించును. మనకు సులభముగా జ్ఞప్తికి వచ్చునది వానికిని సులభముగా తోచునని గ్రహింపుడు.

పాస్‌వర్డు విషయమున వింతగుర్తులకంటె నిడివి ముఖ్యము. ఇంగ్లీషు చిన్నయక్షరములలో వ్రాసిన పాస్‌వర్డునకు మఱి నాలుగక్షరములు చేర్చినచో అది 4,56,976 రెట్లు గట్టిపడును. కావున ఒకదానితో నొకటికి సంబంధములేని నాలుగు తెలుగుమాటలను ఇంగ్లీషు లిపిలో కలిపి వ్రాసికొనుడు: చింతపండు, తంబుర, పదునేడు, నాగలి యనునట్లు. నేను చెప్పిన యీ మాటలనే పెట్టుకొనవలదు. ఈ సభలోని వారందఱును వినియున్నారు. బ్యాంకున కొకటి, ఉత్తరములు వచ్చు ఈమెయిలున కొకటి వేర్వేరుగా నుండవలయును. ఈమెయిలు తాళము తల్లితాళము వంటిది. తక్కిన తాళములు పోయినప్పుడు క్రొత్తవి చేయించుకొను దారి దానినుండియే పోవును. దానికి రెండంచెల పరీక్షను తప్పక యేర్పఱచుకొనుడు. జ్ఞాపకము చాలనివారు పాస్‌వర్డులను ఒక పుస్తకమున వ్రాసి బీరువాలో దాచుకొన్నను దోషము లేదు. సముద్రమున కావలనున్న దొంగ మీ బీరువా తెఱవలేడు. కాని బ్యాంకు కార్డు వెనుక రహస్యసంఖ్యను వ్రాసికొనుట తాళము ప్రక్కనే తాళపుచెవిని వ్రేలాడగట్టుట.

ఇక ధనము నిచ్చిపుచ్చుకొనుట. కారకప్రకరణమున బాలురకు మొదట చెప్పునది, ఇచ్చువాడు కర్త, పుచ్చుకొనువాడు సంప్రదానము అని. యూపీఐ యందు రహస్యసంఖ్య కర్తకు మాత్రమే కావలయును, సంప్రదానమునకు అక్కఱలేదు. ఎవడైన మీకు పైకము పంపుచున్నానని చెప్పి, చతురస్రచిత్రమును పంపి, దానిని ఫోనుతో చూచి మీ సంఖ్యను నొక్కుమనినచో, వాడు మిమ్ము సంప్రదానమని పిలిచి కర్తను చేయుచున్నాడన్నమాట. పాతమంచము నమ్మకమునకు పెట్టినవారును, ఇల్లద్దెకిచ్చు గృహస్థులును ఈ విధముననే మోసపోవుచున్నారు. పుచ్చుకొనుటకు సంఖ్య నొక్కనక్కఱలేదు అను నీ యొక్క వాక్యమును మీరింటికి పట్టుకొనిపోయిన నా యుపన్యాసము సఫలము.

విరాళములు పుచ్చుకొను మన కోశాధికారులకును ఒకమాట. దాత ఫోనుపై 'చెల్లినది' యని చూపు పటమును నమ్మి రసీదు వ్రాయవలదు. పటము పటమే, దానిని ఎవడైన సృష్టింపవచ్చును. బ్యాంకు లెక్కలో జమ కనబడినపిదపనే రసీదు. అట్లే దాతలును పైకము పంపుటకు ముందు తెరపై కనబడు పేరు సంఘము పేరేనా యని చదువవలయును. గోడపై నంటించిన చిత్రముపై మఱియొక చిత్రము నంటించుట దొంగల కొక నిమిషము పని.

మూడవ పాఠము సమాసము. ఇది సావధానముగా వినదగినది. రాజపురుషుడు వచ్చెను అనినప్పుడు వచ్చినది రాజా, పురుషుడా? పురుషుడే. తత్పురుషసమాసమున నుత్తరపదము ప్రధానమని బాలురకు కంఠస్థము చేయించితిమి. ఇంటర్నెట్టు చిరునామాకును ఇదియే నియమము. చిరునామా మొదట హెచ్‌టీటీపీఎస్ అనియు, దాని వెనుక రెండేటవాలు గీతలును ఉండును. వానిని విడువుడు. ఆపైన వచ్చు మొదటి యేటవాలు గీతవఱకు గల భాగమును మాత్రమే తీసికొని, దానిని కుడినుండి యెడమకు చదువుడు. కడపటి పదములే యజమానిని తెలుపును. 'మాబ్యాంకు డాట్ బ్యాంక్ డాట్ ఇన్ డాట్ ఫలానా డాట్ కామ్' అని యున్నచో, మొదట బ్యాంకు పేరున్నను ఆ యిల్లు ఫలానావాని దేగాని బ్యాంకుది కాదు. రాజు పేరు చెప్పుకొని వచ్చిన పురుషుడు రాజు కానట్లే.

మనదేశపు బ్యాంకులు 2025వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీలోగా తమ చిరునామాలను 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' అని ముగియునట్లు మార్చుకొనవలెనని రిజర్వు బ్యాంకు వారాజ్ఞాపించిరి. ప్రభుత్వపు చిరునామాలు సాధారణముగా 'గవ్ డాట్ ఇన్' అనియో 'నిక్ డాట్ ఇన్' అనియో ముగియును. ఈ ముగింపులను గుర్తుంచుకొనుడు. చిరునామా ప్రక్కన తాళము బొమ్మ యున్నదిగదా యని కొందఱు నమ్ముదురు. ఆ తాళము, మీరు వ్రాయునది త్రోవలో పరులు చదువలేరని మాత్రమే చెప్పును. త్రోవ చివర నున్నవాడు మంచివాడని చెప్పదు. బ్యాంకు తోడి పని యున్నప్పుడు సందేశములో వచ్చిన దారిని పట్టక, మీరే చిరునామాను వ్రాసికొనియో బ్యాంకువారి యప్లికేషనును తెఱచియో పోవుట మేలు.

ఇట్టిదే మఱియొక మాయ. పెండ్లి శుభలేఖ యనియు, బ్యాంకు నోటీసనియు, కరెంటు బిల్లనియు చెప్పుచు వాట్సాపులో నొక ఫైలు వచ్చును. దాని పేరు చివర ఏపీకే యని యున్నచో ముట్టవలదు. ఇందును ఉత్తరపదమే ప్రధానము. శుభలేఖయైన బొమ్మగానో పీడీఎఫ్‌గానో వచ్చును. ఏపీకే యనునది చదువుకొను లేఖ కాదు. ఫోనులో కాపురము పెట్టు యప్లికేషను. అది లోపల చేరి మీ సందేశములను చదివి, బ్యాంకు పంపిన యొక్కసారి సంఖ్యను, అనగా ఓటీపీని, దొంగకు చేరవేయగలదు. బంధువు ఫోనునుండి వచ్చినను ముట్టవలదు; ఆ ఫోను ఇదివఱకే వశమైపోయి యుండవచ్చును.

వీనియన్నిటికంటె క్రూరమైనది భయపెట్టు మోసము. పోలీసువాని దుస్తులు ధరించినవాడు ఫోనుతెరపై కనబడి, మీ పేర మత్తుపదార్థముల పొట్లము పట్టుబడినదనియు, మిమ్ము 'డిజిటల్ అరెస్టు' చేసితిమనియు, ఎవరితోను చెప్పక ఫోను ముందు కూర్చుండుమనియు నాజ్ఞాపించును. ఇట్లు గంటలకొలది, దినములకొలది గదిలో బంధించి, జీవితమంతయు కూడబెట్టిన ధనమును వారి చేతనే పంపించుకొన్న సంగతులు పత్రికలలో చదువుచున్నాము. చిక్కినవారిలో ఉన్నతవిద్యావంతులును, పెద్దయుద్యోగములు చేసి విరమించినవారును ఉన్నారు. మన చట్టములయందు డిజిటల్ అరెస్టు అనునది లేనే లేదు. 2024వ సంవత్సరము అక్టోబరు 27వ తేదీని ప్రధానమంత్రిగారు తమ రేడియో ప్రసంగమున ఈ విషయమునే దేశప్రజలకు చెప్పి, ఆగుడు, ఆలోచింపుడు, పిదప చర్య తీసికొనుడు అని మూడుమెట్లు బోధించిరి. ఏ పోలీసువాడును ఫోనులో విచారణ జరిపి పైకము నడుగడు. ఎవరితోను చెప్పవలదని యెవడైన ననినచో, అదియే వాడు దొంగ యనుటకు లక్షణము. వెంటనే ఫోను పెట్టివేసి, ప్రక్కయింటివారిని పిలువుడు.

ఇప్పుడు గొంతును సైతము అనుకరించు యంత్రవిద్య వచ్చినది. అమెరికాలోని కుమారుని గొంతుతోనే, ఆపదలో నున్నాను పైకము పంపుమని మాట వినవచ్చును. అశోకవనమున సీతాదేవి హనుమంతుని మాటలు వినినంతనే నమ్మలేదు. ఇతడును రావణుని మాయయేమో యని శంకించినది. అంగుళీయకమును చూచినపిదప గదా పూర్ణవిశ్వాసము కలిగినది. మన కుటుంబములలోను అట్టి యంగుళీయక మొకటి యుండవలయును. ఇంటివారికి మాత్రమే తెలిసిన సంకేతపద మొకటి పండుగకు పిల్లలు వచ్చినప్పుడు నిర్ణయించుకొనుడు. దానిని ఫోనులో వ్రాయవలదు. ఆపద యని పిలుపు వచ్చినప్పుడు సంకేత మడుగుడు. లేదా ఫోను పెట్టివేసి, మీకు తెలిసిన సంఖ్యకు మీరే తిరిగి పిలువుడు.

ఇంత జాగ్రత్తపడినను నష్టము కలిగినచో నేమి చేయవలెను? ఏడ్చుచు కూర్చుండరాదు, దాచుకొనరాదు. 1930 అను సంఖ్యకు తక్షణమే ఫోను చేయవలయును. కేంద్రప్రభుత్వమువారి 'సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్' అను చిరునామాయందును ఫిర్యాదు వ్రాయవచ్చును. బ్యాంకునకును తెలుపవలయును. దొంగ సొమ్మును ఒక ఖాతానుండి మఱియొక ఖాతాకు త్వరత్వరగా మార్చును. అది యింకను ఏదో యొక ఖాతాలో నున్నంతసేపే దానిని ఆపుట సాధ్యము. పాముకాటునకు వలెనే దీనికిని కాలమే ముఖ్యము. ఫోను పోయినవారికి మఱియొక యుపాయము కలదు. ప్రతి ఫోనునకును 15 అంకెల గుర్తుసంఖ్య యుండును. స్టార్, హ్యాష్, సున్న, ఆఱు, హ్యాష్ అను వానిని వరుసగా నొక్కిన అది తెరపై కనబడును. నేడే దానిని ఇంటిపుస్తకమున వ్రాసికొనుడు. ఫోను పోయినప్పుడు పోలీసులకు తెలిపి, ఆ సంఖ్యతో 'సంచార్ సాథీ' యను ప్రభుత్వచిరునామాద్వారా ఫోనును పనిచేయకుండ నాపించవచ్చును.

ధనమును గూర్చి చాలినంత చెప్పితిని. ధనము పోయిన మరల సంపాదింపవచ్చును. అక్షరము పోయిన తిరిగి రాదు. మన సంఘపు సంచికలలో పూర్వుల జీవితములు, దాతల పేరులు, విద్యార్థివసతిగృహముల చరిత్రలు అచ్చయినవి. సీసపుటక్షరములు పోయి కంప్యూటరు వచ్చినపిదప కూర్చిన సంచికలలో చాలవఱకు పాతకాలపు ఫాంటులలో కూర్పబడినవి. ఆ ఫాంటులలో లోపల నుండునది తెలుగక్షరము కాదు. ఇంగ్లీషు అక్షరపు సంకేతమును దాచి, దానిపై తెలుగు రూపమును తొడిగినారు. ఆ ఫాంటు లేని యంత్రమున ఆ ఫైలును తెఱచినచో తెలుగు తొలగి, అర్థములేని ఇంగ్లీషు అక్షరముల గుంపు కనబడును. వేషము తీసివేసిన నటునివలె.

దీనికి పరిష్కారము యూనికోడు. 1991వ సంవత్సరమున వెలువడిన దాని మొదటి రూపమునందే తెలుగునకు స్థానము లభించినది. అందు తెలుగుకై 128 గదులు కేటాయింపబడినవి. ప్రపంచమున నెక్కడ తెఱచినను ఆ గదిలో నున్నది ఆ తెలుగక్షరమే. 2001వ సంవత్సరమున వచ్చిన విండోస్ ఎక్స్‌పీ తోడనే గౌతమి యను తెలుగు ఫాంటు లభించినది. నేటి ఫోనులన్నియు యూనికోడు తెలుగును చదువగలవు. దీని నిర్మాణము చూచినచో వర్ణవిచ్ఛేదము చేసిన వారికి సంతోషము కలుగును. 'స్త్రీ' యను అక్షరమును యంత్రము ఆఱు భాగములుగా దాచుకొనును: సకారము, పొల్లు, తకారము, పొల్లు, రకారము, ఈకారపు గుడిదీర్ఘము. కలిపి యొక్క రూపముగా చూపు పని ఫాంటుది. అక్షరము వేఱు, దాని యాకృతి వేఱు. ఇట్లు దాచినందుననే వేయిపుటలలో మీ తాతగారి పేరును ఒక్కక్షణమున వెదకి పట్టుకొనవచ్చును. పాత ఫాంటుల ఫైలులను యూనికోడునకు మార్చు సాధనములు కలవు. మార్చినపిదప ఒత్తులను, వట్రసుడులను మానవనేత్రముతో దిద్దవలయును. అచ్చుప్రతి మాత్రమే మిగిలినచో అంగుళమునకు 300 చుక్కల చొప్పున స్కాను చేసి, బొమ్మనుండి అక్షరములను చదువు సాధనములకు ఒప్పగింపవచ్చును. తెలుగు వికీసోర్సునందు పాతగ్రంథములను స్వచ్ఛందసేవకు లీవిధముననే ఉద్ధరించుచున్నారు.

తెలుగు వ్రాయుటకు వ్రేళ్ళు రానివారును దిగులుపడనక్కఱలేదు. ఫోనులోని కీబోర్డున తెలుగును ఎంచుకొని, మైకు బొమ్మను నొక్కి, నిదానముగా పలికినచో అది తనంతట వ్రాయును. కన్నులు మందగించినవారు సెట్టింగులలో డిస్‌ప్లే యను చోట అక్షరములను పెద్దవి చేసికొనవచ్చును. ఈ రెండును తెలిసినంతనే సగము భయము తొలగును.

వ్రాసినదానిని నిలుపుకొనుట మఱియొక ధర్మము. మన వాతావరణమున తాళపత్రములు శిథిలము కాక తప్పదు. అయినను పురాతనగ్రంథములు మనకు దక్కినవనిన, తరతరముల లేఖకులు ప్రతులు వ్రాయుటచేతనే. 1798 మొదలు 1884 వఱకు జీవించిన చార్లెస్ ఫిలిప్ బ్రౌనుదొర లేఖకులకు జీతములిచ్చి ప్రతులు వ్రాయించుటచే నెన్నియో తెలుగు గ్రంథములు నిలిచినవి. ప్రతి యొక్కటియే యున్నది లేనిదానితో సమానము. కావున మూడు ప్రతు లుంచుడు. వానిని రెండు విధములైన సాధనములలో నుంచుడు. ఒక ప్రతిని వేఱొక యూరనో, ఇంటర్నెట్టు నిలువలోనో యుంచుడు. పెన్‌డ్రైవు శాశ్వతము కాదు. సంవత్సరమున కొకమారు తెఱచి చూడవలయును. వాట్సాపు ధాన్యపుగాదె కాదు. అందు పంపిన ఛాయాచిత్రము సాధారణముగా చిక్కిపోవును. పూర్తిరూపమున పంపవలెనన్న డాక్యుమెంటుగా పంపవలయును. ఫైలులకు పేరు పెట్టునప్పుడు ముందు సంవత్సరము, పిదప నెల, పిదప తేదీ యంకెలలో వ్రాసినచో అవి తమంతట కాలక్రమమున నిలుచును.

ఇక మన సంఘమును గూర్చి నాకు ముఖ్యముగా తోచిన సంగతి. ఇది కొందఱి కప్రియము కావచ్చును. మనము ప్రతిసంవత్సరము సభ్యుల పట్టికను, వధూవరుల పట్టికను ప్రకటించుచున్నాము. అందు పేరు, ఇంటిపేరు, గోత్రము, పుట్టినతేదీ, వేళ, తండ్రి యుద్యోగము, ఆస్తి, యింటి చిరునామా, ఫోనుసంఖ్య అన్నియు నుండును. పూర్వము ఆ పుస్తకము మన యిండ్లలోనే యుండెడిది, మేలు చేసెడిది. నేడది పీడీఎఫ్‌గా మాఱి చేతులు దాటి యెక్కడెక్కడనో తిరుగుచున్నది. దొంగకు కావలసిన దంతయు మనమే వరుసగా పేర్చి యిచ్చుచున్నాము. ఇంటిపేరుతో పలుకరించి, గోత్రము చెప్పి, మీ యమ్మాయి సంబంధము విషయమని మాట మొదలుపెట్టిన వానిని ఎవరు నమ్మరు? పుట్టినతేదీలే రహస్యసంఖ్యలైన యిండ్లలో మన పట్టికయే తాళపుచెవి యగును. 2023వ సంవత్సరమున వ్యక్తిగత సమాచారరక్షణకై పార్లమెంటు చట్టమే చేసినది. చట్టమునకు వెఱచి కాదు, మన యాడుబిడ్డల క్షేమము కోరి మనము మేలుకొనవలయును.

కావున మహాసభవారికి నాలుగు ప్రార్థనలు.

మొదటిది: వధూవరుల పట్టికలో పేరునకు బదులు క్రమసంఖ్యయు, వయస్సును, చదువును, ఉద్యోగమును, ఊరును మాత్రమే యచ్చువేయుడు. పుట్టినవేళయు ఫోనుసంఖ్యయు కార్యాలయమున నుండి, ఉభయుల యంగీకారముమీద తెలుపబడుగాక. సభ్యుల పట్టికలోను ఒప్పుకొన్నవారి ఫోనుసంఖ్యలనే వేయుడు.

రెండవది: ఉపకారవేతనములకై దరఖాస్తు పెట్టు బాలబాలికలనుండి ఆధారు పూర్తిప్రతిని పుచ్చుకొనవలదు. కడపటి నాలుగంకెలు మాత్రమే కనబడు మాస్క్‌డ్ ఆధారును ఆ సంస్థవారే యిచ్చుచున్నారు. అది చాలును. పనిముగిసిన ప్రతులను చింపివేయుడు. పాతకాగితముల వర్తకునకు అమ్మవలదు.

మూడవది: ఇకమీదట సంచికలను యూనికోడులోనే కూర్పించి, అచ్చుతోపాటు ఫైలును మూడు ప్రతులుగా భద్రపఱచుడు. పాతసంచికలను, అందలి వ్యక్తిగతపట్టికలను తొలగించి, వ్యాసభాగమును స్కాను చేయించుడు. ఇందుల కగు వ్యయము ఒక్క తోరణపు ఖర్చుకంటె నెక్కువ కాదని నా నమ్మకము. దాతలు దీనిని గూడ విద్యాదానముగా భావింతురుగాక.

నాలుగవది విద్యార్థులకు. మన వసతిగృహమునందు నెలకొక ఆదివారము పూట పెద్దలకు ఫోను నేర్పుడు. కాని యొక నియమము. పెద్దవారి ఫోనును మీరు చేతిలోనికి తీసికొనరాదు. మీరు నొక్కి యిచ్చినచో పని యగును గాని విద్య రాదు. పలక యెప్పుడును శిష్యుని చేతిలోనే యుండవలెను. వారు రహస్యసంఖ్యను నొక్కునప్పుడు మీరు మొగము త్రిప్పుకొనవలెను. ఆ మర్యాదచూచి వారును ఇతరులయెదుట దాచుకొనుట నేర్తురు. ఒకేప్రశ్నను పదిమారు లడిగినను విసుగుకొనవలదు. మీకు గుణింతము నేర్పునప్పుడు వారెన్నిమారులు చెప్పిరో మీకు జ్ఞాపకముండదు గాని వారికుండును.

పెద్దలకును ఒక మనవి. మనుమని అడుగుట చిన్నతనము కాదు. బాలునినుండియైనను హితమైన మాటను గ్రహింపవలెనని మన పెద్దలే చెప్పిరి. మోసపోయినవానిని ఇంటివారు నిందింపవలదు. నిందకు వెఱచియే యెందఱో 1930కి ఫోను చేయవలసిన గంటను మౌనముగా పోగొట్టుకొనుచున్నారు. దొంగతనము చేసినవానిది గాని, నమ్మినవానిది నేరము కాదు.

పుచ్చుకొనుటకు సంఖ్య యక్కఱలేదు, ఉత్తరపదమే ప్రధానము, ఏకప్రతి లేనిదానితో సమము, ఎవరితోను చెప్పవద్దన్నవాడు దొంగ. ఈ నాలుగు వాక్యములే నేటి పాఠము. వీనిని మీ యింటనున్న పెద్దలకును, సభకు రాలేకపోయిన యిరుగుపొరుగువారికిని చెప్పుడు. విద్య పంచినకొలది పెరుగునను మాట ఈ విషయమున అక్షరాల సత్యము. ఏలయన ఊరిలో నొక్కడు తెలిసికొన్నను దొంగ ఆ వీథికి వచ్చుటకు జంకును.